ఎందుకయ్య గోడమీద మూడో చీటీ

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఆ వీధిలో మాత్రం దాన్ని వాడినవాళ్ళు లేరు. హారన్ మోగడం లేదని బండి తెచ్చినా, లైటు వెలగడం లేదని తెచ్చినా ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట "ఎందుకు?" అన్నదే. వచ్చినవాడికి ఒళ్ళు మండేది. "అది తెలిస్తే నీ గుమ్మం ఎందుకు తొక్కుతానయ్యా?" అని విసుక్కునేవాడు. అలా విసుక్కోగా విసుక్కోగా ఆయన ఎందుకయ్య అయిపోయాడు. కట్టుకున్న భార్య కూడా కోపం వస్తే "ఎందుకయ్యగారూ" అనేది. కోపం ఎక్కువైన కొద్దీ ఆ "గారూ" సాగుతూ పోయేది.

బండ్లలో కరెంటు పని ఆయనకు ఒకరు కూర్చోబెట్టి నేర్పింది కాదు. వయసులో ఉన్నప్పుడు బస్సులు కడిగే పనికి కుదిరాడు. బస్సు కడుగుతూ, పక్కన విప్పి పెట్టిన డాష్‌బోర్డుల్లోకి తొంగిచూస్తూ, తిట్లు తింటూ, చెత్తబుట్టలో పారేసిన ముక్కల్ని ఇంటికి తెచ్చి కోసి చూస్తూ నేర్చుకున్నాడు. చచ్చిపోయిన ముక్కే అన్నీ చెబుతుందని ఆయన నమ్మకం.

అందుకే షెడ్డులో వెనక గోడ నిండా మేకులే. ఒక్కో మేకుకు ఒక్కో పాడైపోయిన ముక్క, దానికి తీగతో కట్టిన అట్టచీటీ. "కారణం: వాననీళ్ళు." "కారణం: ఎలుక." "కారణం: ముందు చేసిన మెకానిక్కు." మూలగా ఒక మాడిన రిలే స్విచ్చు కింద "కారణం: నేనే" అని కూడా ఉంది. బండి బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళు టీ తాగుతూ ఆ గోడ చదివేవాళ్ళు. పేపరు కంటే అదే బాగుందనేవాళ్ళు.

ఆ చలికాలంలో ఆ గోడే ఒక మనిషి కొంప మీదికి తెచ్చింది.

ఆమె ఆసుపత్రి వ్యాను నడుపుతుంది. కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకునేవాళ్ళను ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని, పని అయ్యాక మళ్ళీ దింపుతుంది. అందరూ ఆమెను వ్యానక్క అంటారు. ఎందుకయ్య మాత్రం "అమ్మాయ్" అంటాడు, ఆమె ఆయన్ని "బాబాయ్" అంటుంది. రక్తం శుద్ధి చేయించుకుని వచ్చేవాళ్ళు వడలిపోయి ఉంటారు, చలికి తట్టుకోలేరు. ఆ బండికి ఇంజను ఎంత ముఖ్యమో హీటరూ అంతే ముఖ్యం.

మొదటిసారి హీటరు బ్లోయర్, అంటే వేడిగాలి ఊదే ఫ్యాను, మొరాయించినప్పుడు ఎందుకయ్యకు పెద్ద పని పడలేదు. ఫ్యాను ఒకటి, రెండు, మూడు స్పీడుల్లో తిరగదు. నాలుగులో మాత్రం హోరుమంటుంది. అలాంటప్పుడు తప్పు రెసిస్టరుదే. నాలుగు వేళ్ళంత ముక్క అది. కరెంటును కొంత పట్టి ఉంచి ఫ్యానును నెమ్మదిగా తిప్పుతుంది. నాలుగో స్పీడుకు దానితో అవసరం లేదు. కొత్తది బిగించి, పాతదాన్ని "కారణం: వయసైపోయింది" అని గోడకు తగిలించాడు.

నెల తిరక్కుండానే కొత్తదీ పోయింది. ఫ్యూజు చూశాడు, మోటారు చూశాడు, తీగలు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. కారణం దొరకలేదు. కారణం రాయకుండా తగిలించడానికి అభిమానం అడ్డొచ్చింది. ఆ ముందురోజే వ్యానక్క బండి దిగుతూ తలుపు ధనామని వేయడం గుర్తొచ్చి, చీటీ మీద "కారణం: డ్రైవరు చేతి దురుసు" అని రాసేశాడు.

వారం తర్వాత ఆసుపత్రిలో బండ్ల వ్యవహారాలు చూసే గుమాస్తా తన స్కూటరు హారన్ కోసం వచ్చాడు. టీ తాగాడు. గోడ చదివాడు. ఆ ముక్క ఏ బండిదో అతనికి తెలుసు.

ఇదిగో, ఇప్పుడు మూడోది కూడా పోయింది. బుధవారం మధ్యాహ్నం వ్యానక్క బండిని షెడ్డులో ఆపి దిగింది. ఈసారి తలుపు చప్పుడు కాకుండా వేసింది.

"బాబాయ్, మళ్ళీ పోయింది."

"ఎందుకు?"

"నన్నడుగుతావేం? గోడమీద రాసి పెట్టావుగా!"

ఎందుకయ్య చూపు గోడమీది చీటీ వైపు తిరిగింది.

"నీ గోడ చదివొచ్చి గుమాస్తాగారు ఏమన్నారో తెలుసా? శనివారం తనే బండెక్కి చూస్తారట. హీటరు సరిగ్గా లేకపోతే సోమవారం నుంచి నా రూటు ఇంకొకరికట. నాలుగులో పెడితే బండిలో తుఫాను. ఆపితే పాపం అందరూ గజగజ వణుకుతారు. ఏడేళ్ళుగా నడుపుతున్నాను బాబాయ్. ఒక్కరి చేతికి దెబ్బ తగలనివ్వలేదు. నా చెయ్యి దురుసా?"

ఆయన కింద కూర్చుని డాష్‌బోర్డు కింది మూత విప్పడం మొదలుపెట్టాడు.

ఫ్యాను చక్రాన్ని వేలితో తిప్పితే నీళ్ళలో తిరిగినట్టు తిరిగింది. మోటారు లాగే కరెంటు ఎంత ఉండాలో అంతే ఉంది. లోపల ఒక్క ఎండుటాకు లేదు. కొత్త రెసిస్టరు బిగించి, గంటసేపు మొదటి స్పీడులో వదిలేసి ముక్కను ముట్టుకుంటే వేలికి చురుక్కుమంది, అంతే. మాడేంత వేడి కాదు. ఆ ముక్క ఫ్యాను గాలి వెళ్ళే దారిలోనే ఉంటుంది. వేడెక్కితే ఆ గాలే దాన్ని చల్లారుస్తుంది. ఇంత గాలి తగులుతుంటే మాడి చావడం ఎందుకు?

వెనక వంటింటి తలుపులోంచి భార్య తల బయట పెట్టింది.

"ఎందుకయ్యగారూ! భోజనం రెండోసారి చల్లారింది. ఎందుకు చల్లారిందో అది కూడా రాసి తగిలించండి."

"ఉండవే. ఇది ఇక్కడ ఎంత బుద్ధిగా ఉందో చూడు. రోడ్డెక్కితే మాత్రం మాడిపోతోంది."

"పుట్టింట్లో వంచిన తల ఎత్తని పిల్ల అత్తారింట్లో అగ్గిరాముడైనట్టుంది."

ఆయన చేతులు తుడుచుకోవడం ఆపేశాడు. "మళ్ళీ అను."

"ఏం, నచ్చలేదా?"

"నచ్చింది. అయితే అత్తారింటికే వెళ్ళి చూడాలి."

గురువారం పొద్దున్నే వ్యానులో తయారయ్యాడు. వేడి కొలిచే మీటరు తీగ కొసను రెసిస్టరుకు అంటించాడు. తీగను డాష్‌బోర్డు అంచు వెంట వెనక్కి లాగి, ముందు సీటు వెనకాల కూర్చుని మీటరు ఒళ్ళో పెట్టుకున్నాడు. వ్యానక్క ఎప్పటిలాగే మొదటి స్పీడు పెట్టింది. బయటి చలిగాలి రాకుండా, లోపలి గాలే తిరిగేలా మీట జరిపింది.

మొదటి మజిలీలో ముసలి టైలరు ఎక్కాడు. ఒళ్ళో మీటరు పెట్టుకున్న మనిషిని ఎగాదిగా చూశాడు.

"ఏమయ్యా, నా బీపీ ఇక్కడే చూస్తారా?"

"మీది కాదండీ, బండిది."

"ఎంతుందేం?"

"డెబ్బై. నిలకడగా ఉంది."

"అయితే నాకంటే అదే నయం" అంటూ టైలరు చివరి సీట్లో సర్దుకున్నాడు.

గతుకుల్లో డెబ్బై. మలుపుల్లో డెబ్బై. వ్యానక్క గేరు మారుస్తుంటే ఎందుకయ్య ఆమె చేతినే చూస్తూ కూర్చున్నాడు. పూలబుట్ట సర్దుతున్నట్టుంది ఆ చెయ్యి. చీటీ గుర్తొచ్చి కిటికీలోంచి బయటికి చూశాడు.

రెండో మజిలీలో టీచరమ్మ ఎక్కింది. రిటైరై ఇరవై ఏళ్ళయినా వ్యానులో అందరూ ఆమె దగ్గర కాస్త నిటారుగా కూర్చుంటారు. ముందు సీటు ఆమెది. భుజాన పెద్ద గుడ్డసంచి. కూర్చుని, సంచిలోంచి ఏదో తీసి, వంగి కాళ్ళ దగ్గర సర్దుకుని, "పోనీయ్ అమ్మాయ్" అంది. సీటు అడ్డంగా ఉండడంతో వెనకున్న ఎందుకయ్యకు ఏమీ కనబడలేదు.

రెండు వీధులు దాటారో లేదో, ఫ్యాను రొద సన్నబడింది. చెవికి అలవాటున్నవాడికి తప్ప తెలియనంత తేడా. ఎందుకయ్య మీటరు చూశాడు. ఎనభై ఐదు. తొంభై. నూట పది.

"అమ్మాయ్, స్పీడు మార్చావా?"

"ముట్టుకోలేదు బాబాయ్."

నూట ముప్పై. నూట నలభై. రోడ్డు అదే, బండి అదే, స్పీడు అదే. మారింది ఏమిటి? "ఆపేయ్, ముక్క మాడుతుంది" అనబోతుండగా టీచరమ్మ కళ్ళజోడు జారి కిందపడింది. ఆమె కాళ్ళు పక్కకు జరుపుకుని, కింద ఉన్నదాన్ని తొలగించి జోడు వెతుక్కోసాగింది.

ఫ్యాను రొద మళ్ళీ బరువెక్కింది. నూట ఇరవై. తొంభై. ఎనభై.

ఎందుకయ్య కూర్చున్నచోటి నుంచి లేచి ముందు సీటు మీదుగా తొంగిచూశాడు. ఆమె ఒళ్ళో చిన్న దిండు ఉంది. ఆ దిండు అంతవరకూ ఎక్కడ ఉందో అక్కడే, ఆమె కాళ్ళ ముందే, ఫ్యాను లోపలి గాలిని పీల్చుకునే జాలీ ఉంది.

"అమ్మా," అన్నాడు మెల్లగా, "ఆ దిండు అక్కడ పెడతారు కదా. ఎందుకు?"

జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్నకు విసుగు లేని జవాబు వచ్చింది.

"కాళ్ళ దగ్గర చల్లగాలి లాగేస్తుంది నాయనా. మొహానికి వెచ్చగానే ఉంటుంది, పాదాలు మాత్రం కొయ్యబారిపోతాయి. అక్కడ ఏదో కన్నం పడిందనుకున్నాను. చలి మొదలైనప్పటి నుంచీ దిండు అడ్డం పెడుతున్నాను. దిగేటప్పుడు సంచిలో వేసుకుంటాను."

దిగేటప్పుడు సంచిలో వేసుకుంటుంది! అందుకే షెడ్డుకు వచ్చేసరికి బండి బుద్ధిమంతురాలు. ఎందుకయ్యకు నవ్వొచ్చింది, దాని వెనకే చీటీ గుర్తొచ్చి సిగ్గూ వచ్చింది. దిండు గాలిని ఆపేస్తుంటే చల్లారక ముక్క మాడుతోందని ఆయన చెప్పగానే టీచరమ్మ చేత్తో నోరు మూసుకుంది.

"అయ్యో, మూడూ నేనే చంపానా?"

"మొదటిది ముసలిదై పోయిందమ్మా. అది మీ లెక్కలోకి రాదు."

వ్యానక్క రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

దిండు తీసేయమంటే పని అయిపోయేది. కానీ ఆమె పాదాల మాటేమిటి? ఆ సాయంత్రం ఎందుకయ్య ఒక చెక్కపీట చేశాడు. కాళ్ళు పెట్టుకోవడానికి ఏటవాలుగా, ముందు అడ్డుపలకతో, పక్కలంతా బెజ్జాలతో. గాలి పక్కల నుంచి పోతుంది, పాదాలకు తగలదు. భార్య పాత శాలువా ముక్క దాని పైన మేకులు కొట్టి బిగించింది. "దీనికీ చీటీ రాస్తారా?" అంది. ఆయన నవ్వలేదు. గోడ దగ్గరికి వెళ్ళి రెండో రెసిస్టరు చీటీని విప్పి జేబులో పెట్టుకున్నాడు.

శనివారం గుమాస్తా బండెక్కాడు. ముందు సీటు వైపు నడవబోయి, టీచరమ్మ చూసిన చూపుకు వెనక్కి వెళ్ళి టైలరు పక్కన కూర్చున్నాడు. సగం దారి మొదటి స్పీడు, సగం దారి రెండో స్పీడు. బండి అంతా వెచ్చగా ఉంది. టైలరు నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ఎందుకయ్య ఒళ్ళో మీటరు డెబ్బై దాటలేదు.

ఆసుపత్రి గేటు ముందు గుమాస్తా నోటుపుస్తకం తెరిచాడు. "హీటరు బాగానే ఉంది. కానీ అసలు సంగతి హీటరు కాదు కదా. చేతి దురుసు ఉంటే..."

"ఆ చీటీ తప్పండీ." ఎందుకయ్య జేబులోంచి అట్టముక్క తీశాడు. "కారణం దొరక్క, దొరకలేదని ఒప్పుకోలేక, ఈ అమ్మాయి మీదికి నెట్టేశాను. మొన్నా ఇవాళా ఆమె చెయ్యే చూస్తూ కూర్చున్నాను. అంత మెత్తటి చెయ్యి నేను చూడలేదు. నేను రాసింది చూసి మీరు ఏం రాసుకున్నారో అది కొట్టేయండి."

"మరి తప్పెవరిది?"

ముందు సీట్లోంచి ఒక ముసలి చెయ్యి, క్లాసులో పిల్ల ఎత్తినట్టు, పైకి లేచింది. "నాదండీ. గోడ కుర్చీ వేయమంటారా?"

టైలరు నిద్రలోంచి లేచి మరీ నవ్వాడు. గుమాస్తా కూడా ఆపుకోలేకపోయాడు. నోటుపుస్తకంలో ఒక గీత కొట్టి, "సోమవారం ఏడింటికే రావాలి, ఆలస్యం చేయకు" అని వ్యానక్కతో అన్నాడు. అంతే. ఆమె స్టీరింగు మీద తల ఆనించింది.

ఆ వచ్చే వారం టీచరమ్మ పట్టుబట్టి షెడ్డుకు వచ్చింది, గోడ చూడాలని. రెండో చీటీ మళ్ళీ మేకు మీదే ఉంది. "డ్రైవరు చేతి దురుసు" అన్న మాట మీద అందరికీ కనబడేలా అడ్డగీత, కింద "కాదు. రాసినవాడి తొందర." మూడో రెసిస్టరుకు కొత్త చీటీ: "కారణం: కాళ్ళకు చలి."

టీచరమ్మ జోడు సర్దుకుని రెండుసార్లు చదివింది.

"ఎవరి కాళ్ళకో రాయలేదేం? సగం జవాబుకు సగం మార్కులే" అని పెన్ను తీసుకుని, గుండ్రటి అక్షరాలతో "టీచరువి" అని చేర్చింది.

వ్యానక్క ఆ రెండు చీటీలూ చదివింది. వెళ్ళి బండెక్కింది. తలుపు మాత్రం గోడమీద మేకులన్నీ గలగలమనేలా ధనామని వేసింది.

"ఎందుకు?" అని అడగబోయి, ఎందుకయ్య నవ్వి ఊరుకున్నాడు.