నాలుగు డబ్బాల లెక్క, మా అత్త అభిప్రాయం

ఆ రోజుల్లో నాకు చొక్కాలు మూడే ఉండేవి గాని అభిప్రాయాలకు మాత్రం కొదవ ఉండేది కాదు. ఇప్పుడు చొక్కాలు బీరువా నిండా ఉన్నాయి. ఎవరైనా ‘మీ అభిప్రాయం ఏమిటి?’ అని అడిగితే మాత్రం కాసేపు గోడవైపు చూసి ‘చూద్దాం లెండి’ అంటున్నాను. డెబ్బైల చివర్లో, వరంగల్‌లో డిగ్రీ లెక్కలు చదువుతున్న కాలంలో అలా కాదు. అడగకపోయినా చెప్పేవాణ్ణి. ముఖ్యంగా రెండు విషయాల మీద నా మాటకు తిరుగు లేదని నా నమ్మకం. ఒకటి, అవార్డులొచ్చిన సినిమాలు. రెండు, దేశదేశాల వాళ్ళు మెచ్చుకున్న ఒక లెక్కల పుస్తకం.

సినిమాల సంగతి ముందు చెబుతాను. సుబేదారిలో ఒక బడి హాల్లో నెలకో ఆదివారం పొద్దున, కిటికీలకు దుప్పట్లు కట్టి, గొప్ప సినిమాలు చూపించేవారు. దాన్ని నడిపే లెక్చరర్‌ను మేమంతా గడ్డం సార్ అనేవాళ్ళం. ప్రొజెక్టర్ తిప్పేదీ ఆయనే, చందాలు వసూలు చేసేదీ ఆయనే, మధ్యలో కరెంటు పోతే జనానికి ధైర్యం చెప్పేదీ ఆయనే. ఆ సినిమాల మీద సైక్లోస్టైల్ చేసిన నాలుగు పేజీల పత్రికలో అభిప్రాయాలు రాసే పని నాది. తెర మీద ముసలాయన ఒకడు బెంచీ మీద పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే ‘మౌనమే ఇక్కడ మాట’ అని రాసేవాణ్ణి. కాకి ఎగిరితే అది సమాజం. కాకి ఎగరకపోతే అదీ సమాజమే. (నిజం చెప్పాలంటే, ఆ ముసలాయన కూర్చున్న పది నిమిషాల్లో తొమ్మిది నేను నిద్రపోయాను. లేచేసరికి ఆయన అక్కడే ఉన్నాడు కనుక నా అభిప్రాయానికి లోటేమీ రాలేదు.)

ఇక లెక్కల పుస్తకం. గ్రంథాలయంలో దాన్ని నేను తప్ప ఎవరూ తీసుకోరు కనుక గడువు పొడిగించుకుంటూ ఏడాదిగా నా దగ్గరే ఉంచుకున్నాను. ఎటు వెళ్ళినా చంకలో అదే. ‘ఇది లెక్కల పుస్తకం కాదు, కవిత్వం’ అని కనబడ్డ ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. అందులో పదహారు అధ్యాయాలున్నాయి. నేను చదివినవి మూడున్నర. ఆ సగం అధ్యాయం వస్తువులను ఎన్ని విధాలుగా వరుసలో పేర్చవచ్చో చెప్పేది. అది మాత్రం నాకు నిజంగానే బాగా అర్థమైంది. అర్థమైన ఆనందంలో పుస్తకం మూసేశాను.

మా ఇంట్లో నా అభిప్రాయాలకు విలువ ఇవ్వని మనిషి మా మేనత్త ఒక్కతే. మాది మగ్గాల ఇల్లు. నాన్న నేస్తే, అత్త రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. చదువు లేదు గాని ఊళ్ళో ఆడిన ప్రతి సినిమా చూసేది. ఎట్లుందత్తా అంటే కథ చెప్పేది కాదు. హీరోయిన్ మూడో పాటలో కట్టింది మన వైపు నేసింది కాదనీ, తల్లి పాత్రకు పేదరికం చూపించి పట్టంచు కట్టించారనీ, ఇట్లా చీరల ముచ్చటే చెప్పేది. లోకంలో ఉండే అభిప్రాయాలన్నిటిలో అన్నిటికంటే కింది తరగతి అభిప్రాయం అదేనని నా లెక్క.

అలాంటి రోజుల్లో గడ్డం సార్ నన్ను పిలిచి ఒక మాట చెప్పాడు. వచ్చే ఆదివారం సినిమాకు హైదరాబాదు నుంచి ఒక పత్రిక సంపాదకుడు వస్తున్నాడు. సినిమా అయ్యాక ముఖ్య ప్రసంగం నాది. ఆయనకు నచ్చితే అదే వ్యాసంగా అచ్చేస్తాడు. సైక్లోస్టైల్ కాదు, నిజమైన అచ్చు, కింద నా పేరు. ఆ వారమంతా నేను నేల మీద నడిచిన గుర్తు లేదు. నోటు పుస్తకం వెనక అట్ట మీద నా పేరు ఎన్నిసార్లు రాసుకున్నానో. ఇనిషియల్ ముందు ఉంటే బాగుంటుందా, వెనక ఉంటే బాగుంటుందా అన్నది తేలకుండానే శనివారం వచ్చింది.

సినిమా డబ్బాలు రైల్లో వచ్చేవి. వాటిని స్టేషన్ నుంచి తెచ్చి, రాత్రి మా ఇంట్లో ఉంచి, పొద్దున్నే హాలుకు చేర్చడం కూడా నా పనే. ఆ రోజు నాలుగు డబ్బాలు సైకిల్ క్యారియర్‌కు కట్టుకుని బయల్దేరానో లేదో, కుండపోతగా వాన. ఇల్లు చేరి చూస్తే డబ్బాల మీద అంటించిన చీటీల్లో ఒకటి అంకెదీ, నాలుగు అంకెదీ మిగిలాయి. మిగతా రెండు డబ్బాల చీటీలు దారిలో ఎక్కడ ఊడి పడ్డాయో తెలియదు. రీలు మొదట్లో రాసి ఉండాల్సిన అంకెలు చాలా చేతులు మారి ఎప్పుడో చెరిగిపోయాయి. కొంత ఫిల్ము లాగి దీపం ముందు పెట్టి చూశాను. రెండింట్లోనూ గడపలో ఒకామె ఆకారం తప్ప ఇంకేమీ తెలియలేదు.

అప్పుడు నాకు పుస్తకం గుర్తొచ్చింది. కాగితం తీశాను. నాలుగు వస్తువులను పేర్చే విధాలు ఇరవై నాలుగు. ఒకటో డబ్బా తన చోట కూర్చుంది కనుక ఆరు. నాలుగోది కూడా కూర్చుంది కనుక రెండు. ఇరవై నాలుగును రెండుకు దించిన ఘనతకు నాలో నేనే మురిసిపోయాను. (ఏ చిన్న పిల్లవాడైనా ఆ డబ్బాలను చూసి, రెండే కదా అనేస్తాడని అప్పుడు తట్టలేదు.) కాని ఆ రెండింట్లో ఏది సరైనదో పుస్తకం చెప్పలేదు. నేను చదివినంతలో చెప్పలేదు. గడ్డం సార్‌తో చెబుదామా అంటే, డబ్బాలే సరిగా తేలేనివాడు ప్రసంగం ఏం చేస్తాడని అవకాశం ఇంకొకరికి ఇచ్చేస్తాడేమోనని భయం. జేబులోంచి పావలా తీసి ఎగరేశాను. బొమ్మ పడితే ఎడమ చేతి డబ్బా రెండోది, బొరుసు పడితే కుడి చేతిది. బొరుసు పడింది. ఎడమ డబ్బా మీద మూడు, కుడి డబ్బా మీద రెండు అని పెన్నుతో రాసి చీటీలు అంటించేశాను.

ఇంతలో అత్త వంటింట్లోంచి వచ్చి, డబ్బాలు తడిగా ఉన్నాయని పాత గుడ్డతో తుడుస్తూ, “ఇండ్ల సినిమా ఉందా కొడుకా? నేను గూడ వస్త” అంది. అది నీకు అర్థమయ్యే సినిమా కాదని, పాటలుండవని, ఫైటింగులుండవని చెప్పి చూశాను. అయినా మర్నాడు పొద్దున నాకంటే ముందే తయారై, కొంగున పల్లికాయలు మూటగట్టుకుని గడపలో నిలబడింది.

సినిమా మొదలైంది. అది మా ఎవరికీ రాని భాష. కింద ఇంగ్లీషు అక్షరాలు పడేవి గాని తెలుపు మీద తెలుపు కలిసిపోయి సగం కనబడేవి కావు. ఊళ్ళో ఒక పేద మొగుడూ పెళ్ళాం, వానలు లేవు. రెండో డబ్బాలో ఆ పెళ్ళాం ఒంటరిగా ఉంది, మొగుడు లేడు. మూడో డబ్బాలో మొగుడు మళ్ళీ ఇంట్లోనే ఉన్నాడు, చివర్లో ట్రంకు పెట్టె పట్టుకుని పట్నం వెళ్ళిపోయాడు. నాలుగో డబ్బాలో ఆమె మళ్ళీ ఒంటరిది. పావలా ఎగరేసినవాణ్ణి నేనే కదా, నాకైనా అనుమానం రావాలి. రాకేం, వచ్చింది. కాని హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. ముందు వరుసలో సంపాదకుడు తల ఊపుతున్నాడు. వెనక వరుసలో పల్లికాయల చప్పుడు తప్ప అంతా నిశ్శబ్దం. ఇంతమంది మెచ్చుతున్నప్పుడు తప్పెట్లా అవుతుందని నా అనుమానాన్ని నేనే కసిరి కూర్చోబెట్టాను. నాలుగో డబ్బా అయ్యేలోగా ప్రసంగం కూడా తయారైంది.

లేచి నిలబడి, చంకలోని పుస్తకం బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టి, ఇరవై నిమిషాలు మాట్లాడాను. మూడో భాగమంతా ఆ స్త్రీ కన్న కల అన్నాను. వెళ్ళిపోయిన మొగుడు కలలో తిరిగొచ్చి, కలలోనే మళ్ళీ వెళ్ళిపోతాడని, ఎడబాటు రెండుసార్లు జరుగుతుందని, కాలాన్ని ఇట్లా ముందు వెనకలు చేసిన దర్శకుడు లెక్కలు తెలిసిన కవి అని చెప్పాను. చప్పట్లు మోగాయి. గడ్డం సార్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. సంపాదకుడు నా చేయి పట్టుకుని, ఈ కల అన్న మాట చాలా బాగుంది, రాసి పంపమన్నాడు. నా పేరు అచ్చులో నాకు కనబడుతోంది, ఇనిషియల్ ముందు.

అక్కడితో అందరం బయటికి నడిస్తే బాగుండేది. సంపాదకుడు మర్యాదస్తుడు. తలుపు దగ్గర నిలబడిన మా అత్తను చూసి, “మీకెట్ల అనిపించిందమ్మా?” అని అడిగాడు. పట్టంచు గురించి ఏదో అంటుంది, పరువు పోతుంది అనుకుని నేను అడ్డం పోబోయాను. ఆలస్యమైపోయింది.

“మంచిగనే ఉంది సారూ. గని ఒక్కటి నాకు సమజ్ కాలే” అంది అత్త. “గా మూడో డబ్బల ఆమె చీర తలుపు మేకుకు తట్టి చినిగె. గా చిరుగుకే రెండో డబ్బల అతుకేసి ఉండె. అతుకు ముందువడి, చిరుగు తర్వాత వడుతదా?”

చీర చిరగడం హాల్లో ఒక్కరూ చూడలేదు. ఆమె తలుపు తీసి మొగుడి వెనక పరుగెత్తేటప్పుడు రెప్పపాటులో జరిగిందట. నేను గొంతు తగ్గించి అది కల అత్తా అన్నాను. కలలోనైనా ముందు చిరగాలి కదా కొడుకా అంది. సంపాదకుడు మాత్రం అది వేరే చీరేమోనని అడిగాడు.

“అంచు గుర్తువట్టనా సారూ? మూడు పోగులు సన్నం, ఒక పోగు దొడ్డు. అయినా గా ఇంట్ల ఆమెకు ఇంకో చీర యాడిది?”

ఆ మాటకు హాలంతా ఒక్క క్షణం చప్పుడు లేకుండా అయిపోయింది. నేను నా వ్యాసాల్లో ఎన్నోసార్లు రాసిన మౌనం నిజంగా వినడం అదే మొదలు. ఇరవై నిమిషాలు నేను చెప్పిన దాంట్లో ఆ స్త్రీకి ఒకే చీర ఉందన్న సంగతి ఎక్కడా లేదు.

గడ్డం సార్ ప్రొజెక్టర్ దగ్గరికి పోయి ఆ రెండు రీళ్ళూ మార్చి ఎక్కించాడు. మొగుడు ట్రంకు పెట్టెతో వెళ్ళిపోయాడు. తర్వాతి రీలులో ఆమె గడపలో కూర్చుని, ఆ చిరుగుకే సూదితో అతుకు వేసుకుంటూ మొదలైంది. గడ్డం సార్ నా వైపు తిరిగి డబ్బాలు నీ దగ్గరే కదా ఉన్నయి అన్నాడు. చీటీలు వానకు ఊడిపోయాయన్నాను. మరి వరుస ఎట్లా పెట్టావని అడిగాడు. నా చూపు బల్ల మీది పుస్తకం మీద పడింది. “లెక్క ప్రకారమే పెట్టిన సార్” అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. సంపాదకుడు నవ్వు ఆపుకుని, కల సంగతి వద్దు గాని మీ అత్తమ్మ చూసింది చూసినట్టు రాసి పంపు, అదే వేస్తాను అన్నాడు. నాకు ఏడుపు రావాలి. వచ్చింది కూడా. కాని అదే సమయంలో, కొంగులోంచి మిగిలిన పల్లికాయలు తీసి సంపాదకుడి చేతిలో పోస్తున్న మా అత్తను చూస్తుంటే నా ఛాతీ ఉబ్బిపోయింది. ఈమె మా అత్త అని ఆ హాల్లో పేరుపేరునా అందరికీ చెప్పాలనిపించింది. చెప్పాను కూడా, తెలిసినవాళ్ళకే మళ్ళీ చెప్పాను. అంతకు ముందు గాని, తర్వాత గాని, నా సొంత ప్రతిభ చూసుకుని అంత గర్వపడింది లేదు.

సైకిల్ మీద ఇంటికి వస్తూ దారిలో అత్తకు ఒక్కదానికే పావలా సంగతి చెప్పేశాను. వెనక కూర్చున్న ఆమె నవ్వుకు సైకిల్ రెండుసార్లు పక్కకు పోయింది. ఆ సాయంత్రం పుస్తకం తీసి, ఆపేసిన చోటు నుంచి చదివాను. ఎన్ని విధాలో లెక్కపెట్టడం సగం పనేననీ, అందులో సరైనది ఏదో చెప్పే గుర్తును ఆ వస్తువులోనే వెతుక్కోవాలనీ తర్వాతి పేజీలో ఉంది. ఒక్క పేజీ దూరంలో ఆగిపోయాను. (ఆ పుస్తకం మీద నా ఇప్పటి అభిప్రాయం అడిగితే, చాలా మంచి పుస్తకం, చదివితే ఇంకా బాగుంటుంది అంటాను.)

రెండు నెలలకు వ్యాసం అచ్చయింది, కింద నా పేరుతో. ఇనిషియల్ వెనక వేశారు. రాట్నం పక్కన కూర్చుని అత్తకు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. కండె చుట్టడం ఆపకుండా అంతా విని, “పావలా ముచ్చట లేదేందిరా?” అంది. చీటీలు ఊడిపోవడానికి వానను నిందించి, వరుస తప్పడానికి కూడా వాననే నిందించి సరిపెట్టాను మరి. జాగ సరిపోలేదత్తా అన్నాను. ఆమె నా ముఖం వైపు చూసి, “పోనీ తియ్, జాగ దొరికినప్పుడు రాద్దువు” అని పోగు ముడి వేసుకుంది.

ఆ తర్వాత చాలా రాశాను. జాగ చాలాసార్లు దొరికింది. అత్త పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఆ పాత పత్రిక మొన్న బీరువాలో చొక్కాల కింద బయటపడితే, ఇనిషియల్ కోసం అంత తపించిన ఆ కుర్రవాణ్ణి చూసి నవ్వొచ్చింది, కొంచెం జాలి కూడా వేసింది. అందుకే ఇది రాయడానికి కూర్చున్నాను. అత్తా, పావలా ముచ్చట రాసిన. బొరుసు పడ్డది.