మ్యాన్‌హోల్ దగ్గర నిలబడ్డ మనిషి

బ్యాంకు నన్ను కలకత్తా బదిలీ చేసిన రెండో ఏడు నాకు నిద్ర కరువైంది. పడుకుంటే చాలు, గుండె దడదడలాడేది. డాక్టరు జబ్బేమీ లేదని, ధ్యానం నేర్చుకోమని చెప్పాడు. ఆదివారాలు ఒక తరగతికి వెళ్ళాను. ఊపిరిని గమనించమనేవారు గురువుగారు. నేను ఊపిరి తప్ప అన్నీ గమనించేవాణ్ణి: పక్కాయన దగ్గు, వీధిలో ఊరేగింపు నినాదాలు, మేనేజరు అన్న మాట. మూడు నెలలకు నావల్ల కాదని మానేశాను.

ఆ వానాకాలంలో ఒకరోజు కుంభవృష్టి కురిసి మధ్యాహ్నానికే బ్యాంకు మూసేశారు. ట్రాముల్లేవు, బస్సుల్లేవు. చెప్పులు చేత పట్టుకుని వాట్‌గంజ్‌లోని మా బ్యాంకు నుంచి ఇంటికి నడక మొదలుపెట్టాను. మలుపు తిరిగేసరికి నీళ్ళు నడుము దాకా వచ్చాయి. కాలు జారి, "అమ్మా" అన్నాను. ఎవరో నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"తెలుగోరా బాబూ? కదలకండి. మీ ముందర గొయ్యుంది."

యాభై దాటిన మనిషి, కార్పొరేషన్ పనివాడు. రెండో చేతిలో వెదురు కర్ర. నీళ్ళు పోవడానికి మ్యాన్‌హోల్ మూత తీశారట. అందులో ఎవరూ పడకుండా దాని అంచున నిలబడటం ఆయన పని. నన్ను పక్కనున్న దుకాణం అరుగు ఎక్కించి, మళ్ళీ తన చోటికి వెళ్ళాడు.

ముందుకు పోయే ధైర్యం లేక అక్కడే కూర్చుని ఆయన్నే చూశాను. జనం తోసుకుంటూ వచ్చేవారు. "దాదా, ఓదిక్ దియే జాన్" అంటూ ఒక్కొక్కరినీ అవతలికి మళ్ళించేవాడు. కొందరు తిట్టారు. లారీ వెళ్ళినప్పుడల్లా అల వచ్చి రొమ్మును కొట్టేది. ఆయన గొంతు పెరగలేదు, పాదం కదల్లేదు.

"ఎప్పటినుంచి నిలబడ్డారు?" అని అడిగాను.

"పొద్దున్న ఆరుకాడ్నించి."

"భయం వేయదా?"

"ఎయ్యకేటి బాబూ. మొదట్లో కాళ్ళు వొణికీవి."

"మరి ఇంతసేపూ ఏం ఆలోచిస్తారు?"

"ఆలోసిస్తే కాలు జారిపోద్ది. అరికాలికి గొయ్యి అంచు తెలుస్తాది. దాన్నే అట్టుకుని ఉంటాను. ఒకోపాలి బుర్ర ఇంటికెల్లిపోద్ది. మళ్ళీ కాలికాడికి తెచ్చేసుకుంటాను."

"తిట్టేవాళ్ళ మీద కోపం రాదా?"

"ఆల్లకి గొయ్యి కనపడదు కదేటి."

గురువుగారు మూడు నెలలు చెప్పినది, ఈయన మురికినీళ్ళలో, ముక్కూమొహం తెలియని జనం ప్రాణాలు కాస్తూ, పొద్దుటినుంచీ చేస్తున్నాడు. దానికొక పేరుందని కూడా ఆయనకు తెలియదు.

సాయంత్రానికి నీళ్ళు తగ్గాయి. ఇంకో పనివాడితో కలిసి ఇనుప కొక్కెంతో మూత లాగి గొయ్యి మూశాడు. నేను చేతులెత్తి దండం పెట్టాను. "ఏటిది బాబూ" అని సిగ్గుపడిపోయాడు.

మర్నాడు కిక్కిరిసిన బస్సులో నిలబడి అరికాళ్ళ మీద మనసు పెట్టాను. రెండు స్టాపుల దూరం నిలిచింది. ఆ ఏటి దసరా పూజల రోజులకు నిద్ర కుదుటపడింది.

తరగతికి మళ్ళీ వెళ్ళి, జరిగినదంతా గురువుగారికి చెప్పాను. ఆయన విని, "నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్తారా?" అన్నారు. మేం వెళ్ళేసరికి ఆ మనిషి అదే మలుపు దగ్గరి సందులో కాలువ పూడిక తీస్తున్నాడు. పిలవబోయాను. గురువుగారు నా భుజం మీద చెయ్యి వేసి ఆపారు. ఎదురు గోడ పక్కన చెప్పులు విడిచి, పని పూర్తయ్యేదాకా అలాగే నిలబడ్డారు.