ఏ క్యాసెట్టుకి జవాబు?

నిన్న పొద్దున్న బావ నుంచి ఫోన్‌కి రెండు వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. కళ్ళజోడు వెతుక్కునేలోపు వేలు ఎక్కడో తగిలి రెండోది ముందు మోగింది. "అయితే రేపు వద్దులే, ఇవాళ సాయంత్రం ఇంటికి రా," అంటున్నాడు. రేపు ఏమిటో అర్థంకాక కంగారుపడ్డాను. తరువాత మొదటిది వింటే, రేపు పట్టిసీమ వెళదామా అని అడిగాడు. బావ అంటే చుట్టరికం ఏమీ లేదు. కడియంలో ఒకే నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టడం నేర్చుకున్న స్నేహితులం. మా వైపు స్నేహం ముదిరితే బావా అనే పిలుచుకుంటాం.

తొంభైలలో నేను మస్కట్‌లో తోటపనికి వెళ్ళాను. బావకి ఉత్తరం రాయడమంటే మహా బద్ధకం. ఫోనులోనేమో ఏం మాట్లాడాలో తోచదు. అందుకని క్యాసెట్లలో మాట్లాడుకునేవాళ్ళం. సెలవుకి ఇంటికి వెళ్ళేవాళ్ళ పెట్టెలో పెట్టి పంపడమే. వాళ్ళు తమ బంధువులందరినీ చూసుకుని, పెళ్ళిభోజనాలు తిని, గుర్తొచ్చినప్పుడు అందించేవారు. బావ క్యాసెట్టు పెడితే ముందు గొట్టంలో నీళ్ళ చప్పుడు, క్రోటన్లు లారీకెక్కించేవాళ్ళ కేకలు, ఆ తరువాత, "ఏం బావా, వినపడుతుందా?" అని గొంతు. వినపడుతోందని నేను గదిలో ఒక్కణ్ణే తల ఊపేవాణ్ణి.

రెండేళ్ళ ఒప్పందం ముగిసేముందు, "వచ్చేస్తాను, ఇద్దరం కలిసి నర్సరీ పెడదాం" అని ఒక క్యాసెట్టులో చెప్పి, రాజమండ్రి ఆయన ఒకరితో పంపాను. నెల తిరక్కుండా మా మేనేజరు ఇంకో రెండేళ్ళు ఉండమన్నాడు. మనసు ఊగిసలాడి, "ఉండిపోనా బావా?" అని మరో క్యాసెట్టు నింపి తుని ఆయన ఒకరి చేతికిచ్చాను. కొన్నాళ్ళకి జవాబొచ్చింది. "నువ్వు అనుకున్నట్టే చెయ్యి బావా. నాకు ఇష్టమే."

ఏది అనుకున్నట్టు? వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. ఒకసారి గొంతులో బాధ ఉందనిపించేది, మరోసారి అది జలుబేమో అనిపించేది. ఉత్తరమైతే పైన తేదీ వేస్తాం, మాట్లాడేముందు తేదీ ఎవరు చెబుతారు? మళ్ళీ క్యాసెట్టులో అడుగుదామంటే సంతకానికి వారమే గడువు, ఫోనులో అడగడానికి నోరు రాలేదు. చివరికి రెండోదానికే జవాబని నాకు నేనే తీర్మానించుకుని సంతకం పెట్టేశాను. బావకి తెలిసిందేగా అని వేరే కబురు పంపలేదు. ఆ రెండేళ్ళు కాస్తా పన్నెండేళ్ళయ్యాయి. తిరిగొచ్చాక బావ ఆ సంగతి ఎత్తలేదు. నాకూ ధైర్యం చాలలేదు.

నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి ఈ మెసేజ్‌ల తికమక చెప్పి, వెనకటికి క్యాసెట్టుతో కూడా ఇలాగే అయిందని నవ్వాను. బావ కుండీలకి నీళ్ళు పెడుతున్నాడు. కాఫీ తెచ్చిన అతని భార్య మాత్రం నవ్వలేదు.

"మీ క్యాసెట్లు రెండూ ఒకేరోజు అందాయండి అన్నయ్యగారూ. రాజమండ్రి ఆయన అంత ఆలస్యం చేశారు. ఏది ముందు మాటో, ఏది తర్వాత మాటో ఈయనకి తెలీలేదు. దేనికైనా సరిపోయేట్టు చెప్పి పంపారండి. మీరొస్తే ఇద్దరూ కలిసి మొక్కలు వేసుకోవచ్చని, కౌలుకి తీసుకున్న నేలలో సగం ఆ ఏడాదంతా ఖాళీగా ఉంచేశారు."

అడుగు నేల వదలకుండా మొక్కలు పెంచే కడియంలో, నేల ఖాళీగా ఉంచినవాణ్ణి చూసి ఊరంతా నవ్వుతుంది. బావ కుళాయి కట్టేసి, "ఇప్పుడెందుకే అవన్నీ," అని భార్యని కసిరాడు. నాకు ఏడుపు ఆగలేదు. నేను అక్కడే ఉండడం బావకి ఇష్టమేమోనని నేను ఉండిపోయాను, నేను ఏ రోజైనా వచ్చేస్తానేమోనని బావ చూస్తూ ఉన్నాడు. ఒకే ఏడాదిని చెరోచోటా అలా గడిపేశాం, ఇప్పుడు ఇద్దరం ఒకే ఊళ్ళో ఉండి కూడా దాన్ని కలిసి గడపలేం.