హంతకుణ్ణి సంకల పెట్టుకొని ఊరంతా వెతికిన వైనం

ముందే చెప్తున్న. ఇది నమ్మబుద్ధి కానోళ్ళు ఇక్కడనే పేజీ తిప్పి పోవచ్చు, నాకేం బాధ లేదు. సాగర్ ఎడమ కాలువ నిండుగ పారుతున్నప్పుడు నెత్తి మీద బియ్యం బస్తా పెట్టుకొని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదిన మనిషిని నేను. బస్తా కాదు గదా, దాని మూతికి కుట్టిన సుతిలి దారం కూడ తడవలే! అది నమ్మినోళ్ళు ఇదీ నమ్ముతరు. నమ్మనోళ్ళ కోసం చివర్ల సాక్షి పేరు రాస్త, పోయి అడుక్కోండ్రి.

మొన్న ఆదివారం సూర్యాపేటల నా నోరు పోయింది. పన్ను కాదు, నాలుక కాదు, మొత్తం నోరే!

మాది మిర్యాలగూడ. రైస్ మిల్లు నడిపి నడిపి, ఇగ చాలని కొడుక్కు అప్పజెప్పి పుస్తకాల మీద పడ్డ. మా బిడ్డను ఇచ్చింది కోదాడల. అక్కడ ఎరువుల షాపున్న రంగనాథం గారు నాకు వియ్యంకుడు. మూడో మనిషి సూర్యాపేట వసుమతి టీచరమ్మ, మా బిడ్డకు చదువు చెప్పినామె. ముగ్గురికీ నవలల పిచ్చి. ఊర్లు మూడైనా పుస్తకం మాత్రం ఒక్కటే కొంటం. లావు నవలైతే టీచరమ్మ దాన్ని బైండింగ్ షాపుల మూడు ముక్కలు కోయిస్తది. ఒక్కో ముక్కకు పాత క్యాలెండర్ కాయితంతోని అట్ట. ఒకరు మొదటి ముక్క చదివి పక్క ఊరికి దాటేస్తే, రెండో ముక్క చేతికొస్తది. పుస్తకాన్ని కోస్తరా అని మొఖం అట్ల పెట్టకుండ్రి. పుచ్చకాయను కొయ్యకుండ తింటరా?

ఈసారి తెచ్చింది సస్పెన్స్ నవల. పేరు చెప్పను. చెప్తే మీరు కొనుక్కుంటరు, ఇగ నేను చెప్పేదానికి ఏం విలువుంటది? పెద్ద సిటీ చివర కొత్తగ కట్టిన కాలనీ. ఇండ్లన్నీ ఒక్క తీరు, గేట్లన్నీ ఒక్క రంగు. అందరు అందరికీ గుడ్ మార్నింగ్ చెప్తరు, ఒక్కరు నిజం చెప్పరు. అండ్ల ఒక ఖూనీ. పేజీకో మలుపు. ముందుగాల చదివిన టీచరమ్మ ఫోన్ జేసి, "అన్నా, కుర్చీలకెల్లి లేవనియ్యలే. పొయ్యి మీది పాలు మొత్తం పొంగిపోయినయ్" అన్నది.

తర్వాత మూడు ముక్కలూ చదివిన రంగనాథం కూడ ఫోన్ జేసి అదే అన్నడు, ఇంకో మాట కలిపి. "బావగారూ, ఇందులో హంతకుణ్ణి మాత్రం మీరు కనిపెట్టలేరండీ."

ఆ మాట ఎవరితోనన్నడు? నాతోని! ఇంటర్వెల్‌కే దొంగెవరో నేను చెప్తనని మా ఊరి టాకీస్‌ల సమోసాలమ్మేటోడు కూడ నాకు దండం పెట్టేటోడు, "సేట్, మెల్లగ చెప్పుండ్రి, జనం లేచిపోతరు" అని.

"మొదటి ముక్క ఒక్కటే చదివి హంతకుడెవరో చెప్త బావా, పందెం!" అన్న.

"పైసలొద్దండీ," అన్నడాయన నిమ్మళంగ. "ఓడినవాళ్ళు ఏడాదిపాటు పదిమందిలో నోరెత్తకూడదు. మనవడి పుట్టువెంట్రుకల ఫంక్షన్‌తో సహా."

వచ్చే నెల మట్టపల్లి గుడిల మా ఇద్దరి మనవడికి పుట్టువెంట్రుకలు. రెండు వైపుల చుట్టాలు దిగుతరు. అంత జనం ముందు నా కాలువ కథ చెప్పకపోతే ఇగ నేను తాతనెట్లయిత? అయినా వెనకడుగేసిన మనిషి మా వంశంల లేడు. "ఒప్పుకున్న!" అన్న.

మరునాడే కోదాడ పోయిన. రంగనాథం షాపుల ఉన్నడు. ఇంట్ల టీవీ పక్కన మూడు ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నయ్. బిడ్డ "నాన్నా, మామయ్యను పిలవనా, ఏది ముందో చెప్తడు" అన్నది. "ఇండ్ల చెప్పేదేముందమ్మా!" అని పైనున్నది సంకల పెట్టుకొని మిర్యాలగూడ బస్సెక్కిన. బైండింగ్ ఆయన అంచులు సాపు చేసే తొందరల కింద పేజీ నంబర్లు కూడ కోసేసిండు. గమనించిన గని పట్టించుకోలే. నాసొంటి పాఠకునికి నంబర్లు దేనికి?

బస్సులనే మొదలుపెట్టిన. అబ్బబ్బ! ఏం మొదలుపెట్టిందండి ఆ రచయిత్రి! పరిచయాల్లేవు, పొద్దు పొడవదు, పక్షులు కూయవు. మొదటి లైన్లనే కాలనీ సెక్రటరీ పోలీసుల ముందర నిలబడి, "ఆయన్ని నేనే చంపిన" అని ఏడుస్తడు! హంతకుణ్ణి దాచిపెట్టే రచయితలను బస్తాల లెక్క చూసిన. చచ్చిందెవరో కూడ దాచిపెట్టిన రచయిత్రిని ఇప్పుడే చూస్తున్న! లేచి చప్పట్లు కొడుదామనుకున్న గని బస్సు గుంతల పడ్డది.

ఇంటికొచ్చినంక నేను జర నడుం వాలిస్తే మా ఇంటామె సుగుణ ఆ ముక్క అందుకొని నాలుగు పేజీలు చదివింది.

"ఏందండి ఇది? పెండ్లికి పోతే అందరు చేతులు కడుక్కుంటున్నట్టున్నది. అసలేం జరిగిందో లేకుండ అంతా అయిపోయిన ముచ్చట్లేనాయె?"

"నీకు తెల్వదే. ఇది మాడర్న్ టెక్నిక్."

"పైన మూడు అని రాసున్నది?"

"ముగ్గురిల చివరగ చదివేటోణ్ణి నేనే గదా! నా నంబర్ అది."

ఆమె నన్ను అదోరకంగ చూసి వంటింట్లకు పోయింది.

ఇగ నా బుర్రను పనిల పెట్టిన. మొదటి లైన్ల ఒప్పుకున్నోడు హంతకుడెట్లయితడు? అది పసిపిల్లలకు వేసే గాలం. మరి అసలోడెవడు? మూలకింట్ల ఒక డాక్టర్ గారున్నడు. ఒక్క పేజీల కూడ కనపడడు! ఆయన పేరెత్తంగనే అందరు మాటలాపి తలలొంచుకుంటరు. ఆయన ఇంటికి తాళం. ఆయన కుక్క తిండి ముట్టదు. దొరికిండు! డాక్టర్ కాకపోతే ఇంకెవరు?

ఆదివారం సూర్యాపేటల టీచరమ్మ ఇంట్ల కూసున్నం. సుగుణ కూడ వచ్చింది. మిర్చి బజ్జీలు, అల్లం చాయ్. ముందు వాళ్ళ అభిప్రాయాలు చెప్పిండ్రు. "కాలనీ మీటింగ్ ఉందే, నీళ్ళ ట్యాంకర్ కోసం కొట్టుకునేది, అచ్చం మా కోదాడేనండీ! నవ్వుతూ చదువుతున్నానా, ఆ పేజీ చివర్లోనే నవ్వు ఆగిపోయింది" అన్నడు రంగనాథం. టీచరమ్మేమో, "రచయిత్రి నడుమ జర సాగదీసింది గని, ఆ కుక్క సంగతి బయటపడ్డంక ఆమెకు అన్నీ మాఫ్. ఎదురింటోళ్ళు నవ్వితే గూడ ఇప్పుడు భయమైతున్నది" అన్నది.

"మరి మీరు చెప్పండి బావగారూ. ఎవరు?"

లేచి నిలబడ్డ. చాయ్ గ్లాసు పక్కకు పెట్టిన. గొంతు సవరించుకున్న. మా ఊరి రామలీలల రావణుడు కూడ అట్ల నిలబడలే.

"ఆ సెక్రటరీ ఒట్టి అమాయకుడు. ఎవర్నో కాపాడుతున్నడు. అందరి కండ్లు గప్పి తిరుగుతున్న అసలు హంతకుడు... మూలకింటి డాక్టర్!"

టీచరమ్మ నోట్ల బజ్జీ నోట్లనే ఉన్నది. నా తెలివికి బిత్తరపోయిండ్రనుకొని మీసం కూడ సవరించుకున్న.

"అన్నా," అన్నది టీచరమ్మ మెల్లగ, "చచ్చిపోయింది ఆ డాక్టరే."

"ఆఁ?"

"మొదటి పేజీలోనే పోయారండీ," అన్నడు రంగనాథం. "నవలంతా ఆయన్నెవరు చంపారనే కదా! ఇంతకీ మీరు చదివిందేది?"

సంచిలకెల్లి తీసి చూపిచ్చిన. టీచరమ్మ తెరిచింది. చూసింది. ఇగ చూడుండ్రి నవ్వు! కండ్లల్ల నీళ్ళు. "అన్నా, ఇది చివరి ముక్క! హంతకుడు మొదటి లైన్లనే నేనే చంపిన అని ఒప్పుకున్నడు గదా! జవాబు చేతుల పెట్టుకొని..."

రంగనాథం కుర్చీలకెల్లి జారి కిందనే కూసున్నడు. "చచ్చినాయన్ని పట్టుకుని నువ్వే చంపావన్నారు కదండీ బావగారూ!"

"పైనున్నది మొదటిదనుకున్న!" అన్న పౌరుషంగ.

అప్పుడు పలికింది మా సుగుణ. "ఇన్నేండ్లు మిల్లు నడిపిండ్రు. గోదాంల బస్తాలు పేరిస్తే పైనుండేది చివర వేసిన బస్తా అని తెల్వదా?"

ఇగ నేనేం మాట్లాడుదు? మాట్లాడే హక్కే లేదాయె! పందెం పందెమే. మట్టపల్లిల నేను పెదవి కదపొద్దు. నా కాలువ కథ రంగనాథమే చెప్తడట. బస్తా తడిసిందని చెప్తడట!

రంగనాథం వెంట తెచ్చిన మొదటి రెండు ముక్కలు ఇంటికి పట్టుకొచ్చి వరుసగ చదివిన. ఒక్క మాట నిజంగ చెప్తున్న. హంతకుడెవరో తెలిసి, చచ్చిందెవరో తెలిసి, నా పరువు పోయింది కూడ తెలిసి చదివినా నా అరచేతులకు చెమట పట్టింది. ఖూనీ జరిగిన రాత్రి ఆ సెక్రటరీ డాక్టర్ ఇంటికి సొరకాయ పప్పు గిన్నె తీసుకపోయిన సంగతి వెనక్కి పోయి చెప్పే చోట "వద్దురా, తలుపు తియ్యకు!" అని అరిచిన. సుగుణ వంటింట్లకెల్లి ఉరికొచ్చింది. ఇరుగుపొరుగును ఇంత చక్కగ చదివిన రచయిత్రి ఇంకొకరు లేరు. ఆమెకు నా దండం. నన్ను ఓడించినామె గదా, చిన్న మనిషెట్లయితది?

పందెంల మాట్లాడొద్దన్నరు గని రాయొద్దనలే. అందుకే రాస్తున్న. అనుమానమున్నోళ్ళు మిర్యాలగూడకొచ్చి మా ఇంటామె సుగుణమ్మను అడుగుండ్రి, అక్షరం పొల్లు పోకుండ చెప్తది.

కాలువ సంగతి మాత్రం ఆమెను అడగకుండ్రి.