మాంటిపోరా పలక అడుగున

2006. గుంటూరు బ్రాడీపేటలో నేను అక్వేరియం షాపు పెట్టి అప్పటికి ఆరేళ్ళు. గోల్డ్‌ఫిష్ కొనేవాళ్ళే ఎక్కువ. ఉప్పునీటి తొట్టిలో పగడాలు పెంచే ఇల్లు నాకు తెలిసి ఊళ్ళో ఒక్కటే, బ్యాంకులో రిటైరైన నరసింహంగారిది. నేను చెన్నై డీలరు దగ్గర్నుంచి తెప్పించిన బొటనవేలంత మాంటిపోరా ముక్కని ఆయన మూడేళ్ళలో అన్నం పళ్ళెమంత చేశారు. మాంటిపోరా అంటే పలకలుగా పెరిగే పగడం. ఎండాకాలం కరెంటు పోతే నీళ్ళు వేడెక్కకుండా ఆయనా, భార్య అనసూయమ్మగారూ తొట్టిలో ఐసు సీసాలు మార్చుకుంటూ కూర్చునేవారు.

ఆగస్టులో ఫోన్ చేశారు. "అంచులు తెల్లబడుతున్నాయండీ. ఏదో కొరుకుతున్నట్టుంది."

భూతద్దం పట్టుకుని వెళ్ళాను. బియ్యపు నూకంత తెల్లటి పురుగులు. వీటిని న్యూడిబ్రాంక్ అంటారు, గుల్ల లేని సముద్రపు నత్తలు. ఈ రకానికి మాంటిపోరా తప్ప వేరే తిండి లేదు. అవి ఎక్కడివో చూడగానే తెలిసింది. నెల క్రితం ఆయనకి ఇంకో మాంటిపోరా ముక్క అమ్మాను. కొత్త ముక్కని కొన్ని వారాలు వేరే తొట్టిలో ఉంచి చూడాలి, దాన్ని క్వారంటైన్ అంటాం. నేను డీలరు పంపిన సంచీ విప్పకుండానే ఇచ్చేశాను.

"ఎక్కడి నుంచి వచ్చిందండీ ఈ దరిద్రం?" అన్నారు నరసింహంగారు.

"నీళ్ళలో వస్తుంటాయండీ" అన్నాను.

పగడాన్ని బయటికి తీసి డిప్ చేశాను. అంటే అయోడిన్ కలిపిన తొట్టినీళ్ళలో పది నిమిషాలు ముంచడం. పురుగులు రాలిపోయాయి. వారానికి మళ్ళీ కనిపించాయి. మందు కాస్త పెంచాను. ఇంకో వారానికి మళ్ళీ వచ్చాయి, ఇంకా పెంచాను. ఈసారి పురుగుతో పాటు పగడమూ మాడింది. సగం పలక ఎముకలా తేలింది. ఆ రోజుల్లో షాపులో కూర్చుంటే కుదురు లేదు. ఫోన్ మోగితే ఆయనేనేమోనని భయం, మోగకపోతే అంతా చచ్చిపోయిందేమోనని భయం.

నాలుగోసారి సీసా మూత తీస్తుంటే అనసూయమ్మగారు వంటింట్లోంచి వచ్చారు. ఆవిడ పుట్టిల్లు పర్చూరు వైపు, పత్తి చేలల్లో పెరిగిన మనిషి.

"ఆగు బాబూ. గుడ్డు చూశావా?"

"గుడ్డేంటమ్మా?"

"మా చేలో ఇట్టాగే, పురుగు కనపడిందని మందు కొడతా పోయారు. చావకపోతే ఇంకాస్త కలిపి కొట్టారు. ఆకు తిప్పి చూసినోడు లేడు."

పలక తిప్పి భూతద్దం పెట్టాను. అడుగున సందుల్లో తెల్లటి గుడ్ల ముద్దలు. డిప్‌తో పురుగు రాలుతుంది, గుడ్డు రాలదు. నాకు సిగ్గేసింది. మా నాన్న కూడా తొంభైల చివర్లో పత్తిలో పచ్చ పురుగుకి డబ్బా మీద డబ్బా కొట్టి, చేను పోగొట్టుకున్నాడు. ఆ చేని నుంచి పారిపోయి వచ్చి చేపలమ్ముకుంటున్నవాణ్ణి నేను, చేసింది అదే పని.

మాడిన భాగం కోసేశాం. బతికిన ఆరు ముక్కల్నీ వేరే తొట్టిలో పెట్టాం. టూత్‌బ్రష్షుతో, సూదితో గుడ్లు గీకి తీసేవాళ్ళం. ఐదు రోజులకోసారి నేను వెళ్ళి పలుచటి డిప్ ఇచ్చి, ఒక్కో ముక్కా తిప్పి చూసేవాణ్ణి. పెద్ద తొట్టిలో మాంటిపోరా లేకుండా చేశాం, అక్కడ పిల్లలేవైనా పుడితే తిండి లేక చస్తాయని. అక్టోబరు చివరికి మూడు ముక్కలు మిగిలాయి. వాటి అంచులకి కొత్త రంగు వచ్చింది.

వాటిని తిరిగి పెద్ద తొట్టిలో దించిన రోజు ఇక ఉండబట్టలేక చెప్పేశాను. "ఆ పురుగు నా షాపు నుంచే వచ్చిందండీ. చూడకుండా ఇచ్చేశాను."

నరసింహంగారు తొట్టి వైపే చూస్తూ అన్నారు. "తెలుసండీ. మీ ముక్క పెట్టాకే గదా మొదలైంది. చెప్తారేమోనని చూస్తా ఉన్నా."

అనసూయమ్మగారు కాఫీ తెచ్చిచ్చారు, తాగాను.

అప్పటి నుంచి ఏ పగడమైనా ఆరు వారాలు నా వెనక గదిలో ఉంటుంది. రోజూ తిప్పి అడుగు చూస్తాను. తొందరపడే కొనుగోలుదారు వేరే చోటికి పోతే పోనిస్తాను. గుడ్లు వెతకడం నాకు ఒక్క రోజులో వచ్చేసింది. తప్పు నాదని ఒప్పుకోవడానికి మాత్రం రెండు నెలలు పట్టింది, ఆ రెండు నెలలూ ఆయన తన పగడం చావడం చూస్తూ నా కోసం ఆగారు.