గోడ దాకా వచ్చిన తడి అడుగులు

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. నేను నర్సును. పల్లెల్లో తిరిగే ఉద్యోగం. పుట్టినవాళ్లను చేతుల్లోకి తీసుకున్నాను, పోయినవాళ్ల కళ్లు మూశాను. మనిషి పోయిన మంచాన్ని తుడిచి, దుప్పటి మార్చి, పక్క గదిలోనే కూర్చుని అన్నం తిన్న రోజులున్నాయి. పోయినవాళ్లెవరూ తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. అందుకే ఇది రాయడానికి చాలాకాలం వెనకాడాను.

మాది కొత్తగూడ వైపు అడవి పక్కన ఒక తండా. లంబాడీలం. నా భర్త రవి కొత్త ఇళ్లకు కరెంటు వైరింగ్ చేస్తాడు. పెళ్లయ్యాక జనగామలో కిరాయి ఇళ్లలో ఉన్నాం. కులం అడిగి, ఇల్లు ఖాళీ లేదన్నవాళ్లు కొందరు. ఇచ్చినవాళ్లు మా చుట్టాలు వస్తే మోటరు ఎక్కువసేపు నడుస్తోందనేవాళ్లు.

ఒకసారి మా అమ్మ వచ్చి రెండు రోజులుంది. మేం అమ్మను యాడి అంటాం. యాడికి తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడటం తక్కువ. పొద్దున్నే వరండాలో కూర్చుని మా భాషలో నాతో ఏదో చెబుతుంటే ఓనరు భార్య పైనుంచి దిగి వచ్చింది. "మీ అమ్మను జర మెల్లగ మాట్లాడుమను. గా భాష మాకు సమజ్ కాదు, పరేషాన్ అయితాంది" అంది. యాడి ఆ మాట విని నోరు మూసుకుంది. ఆ సాయంత్రమే బస్సెక్కి వెళ్లిపోయింది.

ఆ రోజు రవితో చెప్పాను. "ఇగ కిరాయి ఇంటికి యాడిని తోలుకురాను. మన గడపల కూసోబెట్టి మాట్లాడిస్త."

తర్వాత మా ఆదివారాలన్నీ ప్లాట్లు, ఇళ్లు చూస్తూ ఊరి చివర్లు తిరగడానికే సరిపోయాయి. జనగామ చుట్టూ ఏ రోడ్డు మీదికి వెళ్లినా ఒక కమాను, రంగు జెండాలు, చేలో నాటిన తెల్ల రాళ్లు. ప్రతి ఏజెంటూ ఒకే మాట. "ఇప్పుడు తీసుకోకపోతే మళ్ల దొరకది మేడం. పక్కన్నే కాలేజొస్తాంది." రవి గోడలు చూసేవాడు, నేను నీళ్లు చూసేదాన్ని. బోరు నీళ్లు దోసిట్లో పట్టి తాగి చూశాకే మిగతా మాటలు.

చివరికి ఒక కాలనీలో సగం కట్టి ఆపేసిన ఇల్లు దొరికింది. కాలనీకి పడమటి అంచున ఆఖరి ఇల్లు. దాని వెనక పత్తి చేను, చేను అవతల చిన్న గుట్ట, గుట్ట కింద ఒక తండా. కాగితాలు వకీలుకు చూపించాం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎవరూ చచ్చిపోయిన ఇల్లు కాదు, ఏ కథా లేదు. లోను పెట్టి కొని, మిగతాది కట్టించుకుని చేరాం.

కొనడం ఒక ఎత్తు, అక్కడ బతకడం ఇంకో ఎత్తు. స్తంభాలు ఉండేవి, వాటికి దీపాలు ఉండేవి కావు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. కోతులు కిటికీలోంచి చెయ్యి పెట్టి టమాటాలు ఎత్తుకెళ్లేవి. కూరగాయల ఆటో హారన్ వినపడితే పరుగెత్తాలి, లేదంటే ఆ పూట పచ్చి పులుసే. పొద్దున రైలుకు సగం కాలనీ హైదరాబాద్ పోయేది. మధ్యాహ్నం అన్ని గేట్లకూ తాళాలే. అయినా మాకు బాధనిపించలేదు. మమ్మల్ని మెల్లగా మాట్లాడమనేవాళ్లు లేరు. అది చాలు.

ఇబ్బంది పెట్టింది పడమటి గోడ ఒక్కటే. ప్రహరీ కట్టించిన కొన్నాళ్లకే మధ్యలో కూలింది. వానకు మట్టి కుంగిందని మేస్త్రి యాదగిరి అన్న చెప్పాడు. నిజమే అనుకున్నాం. మళ్లీ కట్టించాం. ఈసారి చినుకు లేని రోజుల్లో, సరిగ్గా అదే చోట కూలింది. ఎడ్లబండి పట్టేంత సందు. మిగతా గోడకు గీత కూడా పడలేదు.

ఎదురింటి సుజాతక్క వచ్చి చూసింది. "చెల్లె, ప్లాట్లు చెయ్యకముందు గీడికెంచి గా తండకు బండ్ల బాట ఉండెనట. బాట మూస్తే గిట్లనే అయితదంటరు. జర ఆలోచించుండ్రి."

"బాటల మీద ఇల్లు కట్టుకోనోళ్లు ఎవరున్నరక్కా?" అని నవ్వేశాను.

రవి నవ్వలేదు. రెండు రోజుల్లో ఒక బ్రోకరు కూడా వచ్చాడు, అమ్మే ఆలోచన ఉందా అని. రవి ముఖంలో ఉందనే కనిపించింది. నేను గేటు దగ్గరే ఆయనకు లేదని చెప్పి పంపాను. యాదగిరి అన్నను పిలిచి, లోతుగా పునాది తీయించి, ఇనుప చువ్వలు వేయించి మూడోసారి గోడ లేపించాను. అది నిలబడింది.

మిర్చి ఏరే రోజులు మొదలయ్యాక యాడి మా ఇంటికి వచ్చింది. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. నేను డ్యూటీకి, రవి పనికి వెళ్తే ఆమె ముందు అరుగు మీద కూర్చుని అద్దాల గుడ్డ కుట్టుకునేది. అంత వయసులోనూ సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది. చూపు గురించి ఎవరికైనా అనుమానం వస్తుందేమోనని ఈ మాట చెబుతున్నాను.

మొదట్లో "ఇదేం ఊరు? మనిషి జాడ లేదు" అని గొణిగేది. కొన్నాళ్లకు గొణగడం మానేసింది. అడిగితే, మధ్యాహ్నం ఒక ముసలమ్మ వస్తోందని చెప్పింది. మన వేషమే, పాతకాలం వేషం. అద్దాల రైక, మోచేతుల దాకా తెల్ల గాజులు, నెత్తిన చిన్న మూట. అరుగు మీద కాసేపు కూర్చుంటుంది, చెంబెడు నీళ్లు తాగుతుంది, పోతుంది.

నాకు సంతోషమేసింది. గుట్ట కింది తండా మనిషి జనగామ నుంచి నడిచిపోతూ ఆగుతోంది కాబోలనుకున్నాను. మా యాడికి ఒక తోడు దొరికింది. అంతకు మించి ఆలోచించలేదు.

ఒక రాత్రి అన్నం తినేటప్పుడు యాడి అంది. మా భాషలో అన్న మాటను తెలుగులో రాస్తున్నాను. "ఆమె రోజు నీ గురించే అడుగుతాంది. నీ బిడ్డ ఇంట్ల ఉన్నదా అని. లేదంటే ముఖం చిన్నగ చేసుకొని పోతాంది."

"నేనెందుకు?"

"ఆమె బిడ్డ కడుపుతోని ఉన్నదట. నువ్వు పురుళ్లు పోస్తవని నేనే చెప్పిన."

"దవాఖానకు తీస్కపొమ్మను, అక్కడ డాక్టర్లుంటరు" అన్నాను. ఆ మాటే ఆమెకు చెప్పమన్నాను.

ఆ వారంలోనే నాకు సెలవు దొరికింది. మధ్యాహ్నం రవి కూడా తినడానికి ఇంటికి వచ్చాడు. అతను చేతులు కడుగుతున్నాడు, నేను పొయ్యి మీంచి కూర దించుతున్నాను. బయట యాడి మాట్లాడుతోంది. ఆమె మాటల మధ్య ఇంకో గొంతు వినిపించింది, సన్నగా, ఆయాసపడుతున్నట్టు. మా భాషే. మాటలు అందలేదు. రవి కూడా విన్నాడు. "వచ్చినట్టుంది మీ ముసలామె, పో, చూడు" అన్నాడు.

నేను పైట సర్దుకుని బయటికి వచ్చేసరికి యాడి ఒక్కతే నిలబడి ఉంది. చేతిలో ఖాళీ చెంబు.

"ఏదీ?"

"ఇప్పుడే పోయింది. కాళ్లు కాలుతున్నయంటే నీళ్లు పోసిన. నువ్వు ఇంట్లనే ఉన్నవన్న. అయితే ఎంటనే రమ్మని చెప్పు, పొద్దు లేదు అన్నది. ఆగమంటే ఆగలే."

గేటు వేసే ఉంది. గొళ్లెం కూడా తీసి లేదు. ఎటు పోయిందని అడిగితే యాడి ఇంటి పక్కకు, పడమటి గోడ వైపు చెయ్యి చూపింది.

అరుగు పక్కనుంచి వెనక్కి పోసిన సిమెంటు మీద తడి అడుగులున్నాయి. చెప్పుల్లేని పాదాలు. మడమ, వేళ్లు విడివిడిగా తెలుస్తున్నాయి. ఎండకు మొదటి అడుగులు మా కళ్ల ముందే ఆరిపోతున్నాయి. అవి నేరుగా గోడ దాకా వెళ్లాయి. గోడ దగ్గరి ఆఖరి అడుగుకు మడమ మాత్రమే ఉంది. వేళ్లు ఉండాల్సిన చోట గోడ ఉంది.

రవి నా వెనకే నిలబడి చూశాడు. అతని చేతిలో తువ్వాల అలాగే ఉంది. యాడి పాదం నేను చూశాను. పొడి పాదం, ఆ అచ్చు కంటే చాలా పెద్దది.

నాకు భయం వేసింది. వేయలేదంటే అబద్ధం. కానీ చెవిలో ఒకటే మాట, పొద్దు లేదు. నా ఉద్యోగంలో ఆ మాట చాలాసార్లు విన్నాను. అది విన్నాక నిలబడి ఆలోచించడం నాకు అలవాటు లేదు. లోపలికి వెళ్లి డ్యూటీ సంచి తీసుకున్నాను.

"పిచ్చి లేసిందా?" అని రవి చెయ్యి పట్టుకున్నాడు. "ఏమన్న అయితే? రేపే ఆ బ్రోకరును పిలుస్త. అమ్మేద్దాం ఈ ఇల్లు."

"ఇల్లు అమ్మం. ఆ తండల ఎవలన్న ఉన్నరో లేరో చూసొస్త. లేకుంటే నా కాళ్లే నొస్తయి, అంతే గదా. నువ్వు యాడి దగ్గరుండు."

గేటు తీసుకుని గోడ చుట్టూ తిరిగి, చేను గట్టు పట్టుకుని నడిచాను. ఎండిన పత్తి కట్టె చీరకు తగులుకుంటోంది. ముందు ఎవరూ కనిపించలేదు. వెనక్కి తిరిగి పోదామని ఒకసారి అనిపించింది. తిరగలేదు.

తండా మధ్యాహ్నం నిద్రలో ఉన్నట్టుంది. చాలా ఇళ్లకు తాళాలు. అందరూ మిర్చి ఏరడానికి భూపాలపల్లి వైపు కూలికి పోయారని తర్వాత తెలిసింది. నేను మా భాషలో గట్టిగా అరిచాను, ఎవరన్నా ఉన్నారా అని. చివరి రేకుల ఇంట్లోంచి మూలుగు వినిపించింది.

తలుపు తోస్తే నేల మీద ఒక పిల్ల. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. పేరు అనిత అని తర్వాత చెప్పింది. నెలలు ఇంకా నిండలేదు, నొప్పులు ముందే వచ్చేశాయి. అత్త మేకలు తోలుకుని గుట్ట అవతలికి పోయింది. ఫోన్ చార్జింగ్ అయిపోయి మూలన పడి ఉంది. అంబులెన్సుకు ఫోన్ చేశాను. వాళ్లు వచ్చేదాకా ఆగే పరిస్థితి లేదు. బిడ్డ తల అప్పటికే కనిపిస్తోంది, మెడకు బొడ్డుపేగు చుట్టుకుని ఉంది.

నా పని నేను చేశాను. పేగు తప్పించాను. బిడ్డ నీలంగా వచ్చింది, ఏడవలేదు. వీపు రుద్దుతూనే ఉన్నాను, నోట్లోది తుడిచి, మళ్లీ రుద్ది. చివరికి చిన్నగా పిల్లికూనలా మొదలుపెట్టి, ఇల్లంతా వినపడేలా ఏడ్చింది. ఆడపిల్ల.

అనిత ఊపిరి తీసుకుని అడిగిన మొదటి మాట, "అక్కా, నీకెవలు చెప్పిండ్రు?"

"మీ అమ్మ" అన్నాను.

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "మా యాడి భూపాలపల్లి దిక్కు పోయి పది దినాలాయె."

అంబులెన్సులో తల్లీబిడ్డలను ఎక్కించి, అనిత అత్త వచ్చాక ఇంటిదారి పట్టాను. అప్పటికి ఎండ వాలింది. రవి గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. యాడి అరుగు మీద ఉంది. నేను ఇంకా చెప్పులు విప్పలేదు, నోరు తెరవలేదు.

"ఆడపిల్లనట గదా" అంది యాడి.

"నీకెవలు చెప్పిండ్రు?"

"ఆమెనే. ఇప్పుడే ఇటుకెల్లి పోయింది. కూసొమ్మంటే కూసోలే. మనుమరాలు పుట్టిందని చెప్పి పోయింది. నవ్వుకుంట పోయింది."

రవి వైపు చూశాను. "నేను గేటు కాడికెంచి లేవలే. ఎవ్వలు రాలే. యాడి మాట ఒక్కటే ఇనపడ్డది" అన్నాడు. నేను అంబులెన్సుకు తప్ప ఎవరికీ ఫోన్ చేయలేదు. తండాలో మా ఫోన్ నంబరు తెలిసినవాళ్లెవరూ లేరు.

తర్వాత అనితను చూడటానికి యాడిని తీసుకుని తండాకు వెళ్లాను. అనిత తల్లి మిర్చి పని నుంచి వచ్చేసి ఉంది. నా ఈడుదే, చీర కట్టుకునే మనిషి. యాడి తల అడ్డంగా ఊపింది, ఈమె కాదని. అలాంటి గాజులు వేసుకునేవాళ్లు తండాలో ఇప్పుడెవరూ లేరన్నారు. మనుమరాలిని కూడా బిడ్డ అనే అంటారు గదా అని అనిత అమ్మమ్మ గురించి అడిగాను. ఆమె, అనిత తల్లి చంటిపిల్లగా ఉన్నప్పుడే పోయిందట. ఎట్లా పోయిందో, ఎక్కడ పోయిందో చెప్పగలిగినవాళ్లు మిగల్లేదు. ఫొటో లేదు. వచ్చింది ఆమే అనడానికి నా దగ్గర ఆధారం లేదు, కాదనడానికీ లేదు.

మేం ఇల్లు అమ్మలేదు. యాదగిరి అన్నను మళ్లీ పిలిచి, నిలబడిన గోడను నేనే అక్కడ పగలగొట్టించాను. తండావాళ్లకు దగ్గర దారి అయ్యేలా ఒక చిన్న గేటు పెట్టించాను. సుజాతక్క నేను దాన్ని పూజ చేయించి పెట్టించాననుకుంది. అమ్ముదామన్న మాట రవి మళ్లీ ఎత్తలేదు.

ముసలమ్మ మళ్లీ రాలేదు. యాడికి కోపంగానే ఉంది. ఇన్ని రోజులు కూర్చుని మాట్లాడినామె, పోయొస్తానని ఒక మాట చెప్పొద్దా అంటుంది.

ఇప్పుడు మా కాలనీలో ప్లాట్లు చూడటానికి వచ్చేవాళ్లు మా గేటు ముందు ఆగి, ఏరియా ఎట్లుంటది మేడం అని అడుగుతుంటారు. నీళ్లు రోజు విడిచి రోజని, కోతులుంటాయని, బోరు వేసే ముందు పక్కవాళ్లను అడగమని చెబుతాను. మంచిదే, తీసుకోండి అంటాను. ఇంకేమైనా ఉందా అని కొందరు రెట్టించి అడుగుతారు. అప్పుడు ఒక్క క్షణం ఆగుతాను. ఎండలో ఆరిపోతున్న ఆ అడుగులు నేనూ చూశాను, రవీ చూశాడు. అవి ఎవరివో ఈ రోజుకీ తెలియదు. తెలియనిదాన్ని ఉందని చెప్పలేను, లేదని చెప్పలేను. ఇంకేం లేదండీ అని మాత్రం నా నోటికి రాదు.