బోర్డు మీద దేవుడి పేరు

ఆ రోజుల్లో (మరీ పాతకాలమేమీ కాదు, ఐదేళ్ల కిందట) ఫోన్‌లో చార్జింగ్ అయిపోతే తప్ప నాకు భయమంటే ఏమిటో తెలియదు. హైదరాబాద్‌లో పెరిగిన ఇంజనీరింగ్ కుర్రాడిని, ముక్కు మీద కోపం. "ఒకసారి సరిచూసుకో" అన్నవాడు నాకు శత్రువే. నల్గొండ దగ్గరి ఊళ్లో మామ, బోరు మోటారు వేయడానికి రోజుకు నాలుగుసార్లు ఎండలో పొలానికి నడవడం చూసి, ఇంట్లోంచే మెసేజ్ కొడితే మోటారు నడిచేలా ఒక సర్క్యూట్ బోర్డు చేయిస్తానని గొప్పగా మాటిచ్చాను.

విడిభాగాల లోహపు కాళ్లు ఎక్కడెక్కడ వస్తాయో ఫోన్‌లో బొమ్మలు చూసి గీసేశాను. (అవి అడుగువైపు నుంచి చూసిన బొమ్మలని పక్కనే రాసి ఉంది. ఎవడు చదువుతాడు?) అవ్వ, అంటే మామ తల్లి, ఏటా యాదగిరిగుట్టకు పోయొచ్చే మనిషి. ఆమె సంతోషం కోసం బోర్డు ముందువైపు తెల్లటి అక్షరాల్లో "శ్రీ లక్ష్మీనరసింహ" అని అచ్చు వేయించి, ఐదు బోర్డులు ఆర్డర్ కొట్టాను.

పార్సిల్ విప్పి, విడిభాగాలు పెట్టి చూశాను. అద్దంలో చూసినట్టు అన్నీ తిరగబడ్డాయి, ఏ కాలూ దాని రంధ్రంలోకి దిగదు. సరిగ్గా అప్పుడే మామ ఫోన్: "అల్లుడా, వచ్చిందా నీ బోర్డు? ఊరంతటికి చెప్పిన, జర ఇజ్జత్ కాపాడు!" తప్పయిందని చెప్పడం కన్నా చావు నయమనిపించి, బోర్డును తిరగేసి, విడిభాగాలన్నీ వెనకవైపు అతికించాను. పనిచేసింది! కాకపోతే కరెంటు పారే కాళ్లన్నీ ఇప్పుడు దేవుడి పేరు చుట్టూ ముళ్లలా పొడుచుకొచ్చాయి.

శనివారం పొద్దున పొలంలో మోటారు స్టార్టర్ డబ్బాలో బోర్డు బిగించాను. వీడియోలో అందంగా కనబడాలని మూత తెరిచే ఉంచాను. మామ మెయిన్ వేశాడు. పది అడుగుల దూరం నుంచి మెసేజ్ కొట్టాను. 'టక్' మంది, మోటారు మూలిగింది, నీళ్లు దుమికాయి. "అరె, నడిచింది గదనే అమ్మా!" అని మామ అరుస్తున్నాడు. నేను వీడియో తీస్తున్నాను. స్క్రీన్ మీదికి ఒక చెయ్యి వచ్చింది. వేలికి తడి పసుపు.

"దేవుని పేరు రాసి బొట్టు పెట్టకుంటే ఎట్లరా? మీ పట్నపోళ్లకు గింత ఎరుకుండదా?" అంటూ అవ్వ వంగింది.

పరుగెత్తాను. జీవితంలో మొదటిసారి ఫోన్ ఎక్కడ పడిందో చూడలేదు. అవ్వను నడుము పట్టి లాగితే ఇద్దరం బురదలో పడ్డాం.

"నీ పాడుగాను! ముసలిదాన్ని సంపుతవారా?" అని నా వీపు మీద రెండు చరిచి, ఆగింది. "గట్ల వణుకుతున్నవేందిరా? కరెంటు నీకు గిన కొట్టిందా ఏంది?"

బురదలో కూర్చునే అంతా చెప్పేశాను. మామ వెళ్లి మెయిన్ దించాడు. వచ్చి నా పక్కన కూలబడ్డాడు. "తప్పైందంటే కొడ్తమా అల్లుడా? మోటారుదేముంది, నడుచుకుంట పోయి ఏసుకుంట. మా అమ్మను యాడికెల్లి తెచ్చుకుందు?"

ఇప్పటికీ నేను బోర్డులు చేయిస్తూనే ఉన్నాను. ఆ కుర్రాడు గుర్తొస్తే ముందు నవ్వొస్తుంది, వెనకే ఒళ్లు జలదరిస్తుంది. బోర్డును తిరగేసి నడిపించే తెలివి ఉంది కానీ, "తప్పు చేశాను మామా" అనే మూడు మాటలు వాడి నోట రావడానికి అవ్వ వేలు అంత దగ్గరికి పోవాల్సి వచ్చింది.